బూమరాంగ్ తిరిగి రాదన్న అమ్మాయి

పెద్దకడుబూరు మండలంలో ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్‌ని నేను. రోజూ ఎమ్మిగనూరు నుంచి వెళ్లి వస్తాను. మా నాన్న మగ్గం నేసేవాడు. ఆ ఇంట్లో నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి చెప్పుకోవడం నాకెప్పుడూ గర్వమే. కానీ అంతకన్నా పెద్ద గర్వం నాకు ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వల్ల దక్కింది.

ఆరోజు పాఠంలో బూమరాంగ్ అనే మాట వచ్చింది. బోర్డు మీద రాసి, "ఇది ఇంగ్లిష్ మాట. విసిరినవాడి దగ్గరికే తిరిగి వచ్చేది అని అర్థం. ఆస్ట్రేలియా ఆదివాసులు ఈ వంకర కట్టెతో వేటాడేవాళ్లు" అని చెప్పాను. మూడో వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి పోతారు. క్లాసులో పెద్దగా నోరు విప్పని పిల్ల.

"టీచర్, మా జేజినాయన అప్పట్లో కట్టె ఇసిరి కుందేళ్లను కొడతాండె అంట. తగిలిందంటే కట్టె ఆడనే పడిపోతాది గదా? మల్ల తిరిగి ఎట్ల వస్తాది?"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్లుగా ఆ మాట చెబుతున్నా, నాకు ఆ అనుమానమే రాలేదు.

"నాకు తెలీదమ్మా. రేపు చెప్తాను" అన్నాను.

సాయంత్రం బస్సులో కూర్చుని ఫోన్లో వెతికాను. అది అసలు ఇంగ్లిష్ మాటే కాదు. సిడ్నీ చుట్టుపక్కల ఉండిన ఆదివాసుల భాషలోది. అక్కడికి పోయిన తెల్లవాళ్లు తమ చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. వేటకు వాడే బరువైనవి తిరిగి రావు. తిరిగి వచ్చేవి తేలికైనవి, ఎక్కువగా ఆటకు. మనం చేసిన పని మన మీదికే రావడమనే అర్థం ఇంగ్లిష్‌వాళ్లు తర్వాత తగిలించుకున్నది.

మర్నాడు క్లాసులో, "నిన్న నేను చెప్పింది తప్పు. ఈ అమ్మాయి అడిగిందే సరి" అని అందరి ముందూ చెప్పాను. ఆ పిల్ల తల వంచుకుంది గానీ, చెవుల దాకా నవ్వు పాకింది.

కొన్ని వారాలకు ఆదోనిలో పిల్లలకు ఉపన్యాస పోటీ పెట్టారు. ఆ అమ్మాయి ఈ మాట గురించే మాట్లాడతానంది. మాట్లాడింది కూడా, ఎక్కడా తడుముకోకుండా. అయిపోయాక నిర్ణేతల్లో ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "తిరిగి వచ్చేదే బూమరాంగ్ అని అందరికీ తెలుసు కదమ్మా. నువ్వేమో రాదంటావు" అన్నాడు.

ఆ పిల్ల తొణకలేదు.

"కొన్ని వస్తాయి సార్, కొన్ని రావు. అది చేసినోళ్లకు రెండూ తెలుసు. మనం ఇంగ్లిషోళ్లను అడిగినాము గానీ, చేసినోళ్లను అడగలేదు సార్."

ఆయన కాగితం మీద ఏదో రాసుకుంటూ, "కూర్చో తల్లీ" అన్నాడు మెత్తగా. మొదటి బహుమతి వేరే బడికి పోయింది. మాకు రెండోది వచ్చింది. చప్పట్లు మాత్రం మా పిల్లకే ఎక్కువ. అవి వింటూ నిలబడితే, నాకు డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా అంత సంతోషం కలగలేదనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "టీచర్, మన మాటలు యాడ యాడ నుంచి వచ్చినాయో మనమూ రాసుకుందామా?" అని అడిగింది.

ఆ వారమే అందుకని పాత నోటుబుక్కు ఒకటి తీసి క్లాసులో పెట్టాను. రోజూ పలికే 'హాజరు' ఉర్దూ నుంచి వచ్చిందని తెలిసి, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగారు. కన్నడ నుంచి వచ్చినవి ఏవన్నదానిపై మాత్రం పిల్లలంతా ఇంకా తగువు పడుతూనే ఉన్నారు. నేను మధ్యలో కల్పించుకోను. వింటూ కూర్చుంటాను.