ఖర్జూరం కుండలో పాదరసం

గద్వాలకు నేను కాపురానికి వెళ్లిన మరుసటి ఏడు మా వదిన, నా భర్తకు అక్క, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇంట్లో అందరూ మగ్గాల పనిలో ఉండేవాళ్లు. బాలింత కోసం తెచ్చిన ఎండు ఖర్జూరం కుండను చూసుకునే పని అత్త నాకు అప్పజెప్పింది.

ముసురు పట్టి ఎండ మొహం చూపలేదు. పండ్లకు పురుగు పట్టింది. వేపాకు పొగ వేశాను, పెనం మీద వెచ్చజేశాను. అయినా పండు విప్పితే గింజ పక్కన తెల్లగా కదులుతూనే ఉండేది. అత్తకు చెప్పడానికి భయపడి పక్కింటి ముసలమ్మను అడిగాను. ఆమె కంసాలి ఇంటి నుంచి కాస్త పాదరసం తెచ్చిచ్చింది.

"గుడ్డల మూట గట్టి కుండల వెయ్యి పిల్లా. పురుగు జాడ గూడ ఉండదు," అంది.

పురుగు పోయింది. వదినకు కొడుకు పుట్టాడు. పదో రోజున నేను నీళ్లకు వెళ్లివచ్చేసరికి అత్త ఆ ఖర్జూరం దంచి, బెల్లంతో ఉండలు కట్టింది. వదిన రెండు తినేసింది కూడా. పరుగున పోయి కుండలో చెయ్యి పెట్టాను. మూట తగిలింది. విప్పితే లోపల ఏమీ లేదు, పాదరసమంతా గుడ్డలోంచి జారి పండ్లలో కలిసిపోయింది.

చెబితే పుట్టింటికి పంపేస్తారు. చెప్పకపోతే? మధ్యాహ్నమంతా వదిన మంచం దగ్గరే తిరిగాను. పొద్దుగుంకే వేళ పసివాడు తాగిన పాలన్నీ కక్కాడు. ఇక ఆగలేక, మగ్గానికి నూలు కండెలు చుడుతున్న అత్త ముందు కూలబడి అంతా చెప్పేశాను.

అత్త తిట్టలేదు. మిగిలిన ఉండలు పెరట్లో గొయ్యి తీసి పూడ్చి, హకీమును పిలిపించింది. ఆయన తల్లినీ బిడ్డనూ చూసేంతసేపూ నేను గడప అవతలే నిలబడ్డాను.

"పోరడు పాలు ఎక్కువ తాగిండు, అంతే. తల్లి కడుపులకు పోయిన గింత పాదరసం బయటికే పోతది. పరేషాన్ గాకుండ్రి. ఇంకోపారి మాత్రం గిట్ల చెయ్యకుండ్రి, అది విషమే," అన్నాడు.

ఆయన వెళ్లాక అత్త అడిగింది, "పురుగు పట్టిందని నాకు చెప్పనీకి భయమైందా?"

"అయింది అత్తమ్మా."

"ఇయ్యాలటి భయం కంటె ఎక్కువనా?"

మూడు రోజులు వదిన పెదవులూ గోళ్లూ రంగు మారతాయేమోనని చూస్తూ గడిపాను. ఏమీ కాలేదు. మళ్లీ ఖర్జూరం తెచ్చినప్పుడు అత్త కుండను నాకే ఇచ్చింది. కానీ ఆ పిల్లవాడు గోడ పట్టుకుని అడుగులు వేసేదాకా, వాడు ఏడ్చినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని.