ప్రతి నుదుటికీ ఒక బొట్టు

విశాఖపట్నంలో ఇస్త్రీ చొక్కా ఆయుష్షు పావుగంట. ఆ తర్వాత అది తడిగుడ్డ.

ఈ చెమటకి పెళ్లిళ్లలో ఆడవాళ్ల బొట్లు కూడా తాళి కట్టే వేళకే చెరిగిపోతాయి. పెళ్లి ఫోటోలు తీసేవాణ్ణి కనుక, ఆల్బమ్ చేసేటప్పుడు వాటిని కంప్యూటర్లో మళ్లీ దిద్దేవాణ్ణి. ఎవరూ అడగని సేవ అది. దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

కూర్మన్నపాలెంలో ఒక క్రైస్తవ కుటుంబం పెళ్లి తీశాను. చర్చిలో ప్రార్థనలన్నీ విన్నాను, ఉంగరాలు మార్చుకోవడం తీశాను, బిర్యానీ రెండుసార్లు తిన్నాను. వారం తర్వాత ఆల్బమ్ చేస్తూ, ఖాళీగా కనిపించిన ప్రతి నుదుటికీ బొట్టు పెట్టేశాను. పాస్టరు గారి భార్యకి కాస్త పెద్దదే పెట్టాను.

పెళ్లికూతురి తల్లి శనివారం స్టూడియోకి వచ్చింది. మర్నాడు ఆ ఆల్బమ్‌ని చర్చిలో అందరికీ చూపిస్తానని ముందే చెప్పి పెట్టుకుందట. నాలుగు పేజీలు తిప్పి ఆగింది. తన నుదుటి మీది చుక్కని బొటనవేలితో రుద్దింది. అది పోలేదు. నా పని ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

"అలవాటులో జరిగిపోయిందమ్మా. మళ్లీ ప్రింటు వేయించి ఇస్తాను," అన్నాను, బల్ల వైపు చూస్తూ. ఆదివారానికి అందదని ఇద్దరికీ తెలుసు.

ఆమె ఆల్బమ్ మూసి నా వైపు తోసింది.

"ప్రింటు సరే బాబూ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా మొకాల ముందే తిరిగావు కదా. ఏటి సూసావ్?"