బావికాడి మాట

మా నాయన పల్లెలో పాస్టరు. కోతల పండగ అయిపోయినాక చర్చి వాకిట్లో నిలబడి, పోయేవాళ్లనందరినీ "ఎట్ల జరిగింది?" అని అడిగేవాడు. "శానా బాగ జరిగిందయ్యా" అనేవాళ్లు. పాస్టరు ముఖం మీద బాగాలేదని ఎవరంటారు? ఆ మాట నమ్మే నాయనను చూస్తే మా అమ్మకు ఒళ్లు మండేది.

ఒక ఏడు ఆమె బావికాడ ఆడవాళ్లతో కూర్చొని వంటగిన్నెలు తోముతా, వాళ్ల మాటలు విని వచ్చింది. "మీ ప్రసంగం అయ్యేలోపల సంగటి రాయైపోతాండాదంట" అని చెప్పేసింది. నాయన ముఖం మాడ్చుకున్నాడు. అయినా మరుసటేడు ముందు భోజనాలు పెట్టించి, తర్వాత ప్రసంగానికి లేచినాడు. తిన్నవాళ్లు తిన్నట్టే ఇండ్లకు పోయినారు. చర్చిలో మా ఇంటివాళ్లమే మిగిలినాం.

ఆ పొద్దు నాయన వాకిట్లో నిలబడలేదు. బావికాడినుంచి వచ్చిన అమ్మను అడిగినాడు.

"ఇంకమీద ప్రతి ఏడూ ఇట్లనే చేయాలంట" అనింది అమ్మ.