గీత పెట్టిన జవాబు

నేను ఐదో తరగతి కాడనే ఆగిపోయిన. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతయ్. రాసుడు అలవాటు లేదు, మాట్లాడినట్టే రాస్తున్న. చదివేటోళ్లు ఏమనుకోవద్దు.

ఎనభైలల్ల భద్రాచలం అడవి దిక్కు బొగ్గు బాయిల పారతోటి బొగ్గెత్తి టబ్బులు నింపేటోన్ని. నడుము అప్పటికే పోయింది. మందు పెట్టి బొగ్గు పేల్చే సర్టిఫికెట్ వస్తే పార పట్టుడు తప్పుతది. పరీక్ష ఖమ్మంల. రూల్స్ బుక్కు ముందట పెట్టుకొనే రాయొచ్చు.

సారు ఒక్కటే చెప్పిండు. "బుక్కు చూసుకోండి. పక్కవాణ్ణి మాత్రం అడగొద్దు. ఎవరి సాయం తీసుకోలేదని చివర్న రాసి సంతకం పెట్టండి. నేను కాపలా ఉండను." గట్లనే బయటికి పోయిండు.

బుక్కు ఉంటే అయిపోతదనుకున్న. నాదేమో కూడబలుక్కొని చదువుడాయె. ఆఖరి ప్రశ్న, పెట్టిన మందు పేలకపోతే ఏం చేయాలె అని. ఎంత తిప్పినా ఆ పేజీ దొరకలే.

పక్క బెంచిల నా జోడీ అన్న ఉన్నడు. ఏడేండ్లు ఒక్కకాడ పని చేసినం. బాయిల కప్పు గట్టిగున్నదా అని కర్రతోటి కొట్టి చూస్తరు. ఆ చప్పుడు ఇనబడితే చేతిల పని ఇడిసిపెట్టి అటు చూడాలె, లేకుంటే పానం పోతది. అన్న పెన్నుతోటి బెంచి మీద రెండు దెబ్బలు కొట్టిండు. నా తలకాయ దానంతట అదే తిరిగింది. ఆయన వేలు పేజీ నంబరు మీదున్నది.

తీసిన. రాసిన.

సంతకం కాడ చెయ్యి ఆగింది. బాయిల సాయం చెయ్యనోడు మనిషే కాదు. ఈడ సాయం తీసుకుంటే దొంగతనం. నాకు ఒకపట్టాన అర్థం కాలే. ఒక్కటి మాత్రం తెలిసింది. రేపు మందు పేలకుంటే నా మాట నమ్మి మనుషులు లోపలికి పోతరు. నేనేమో పేజీ దొరకబట్టలేనోన్ని. జవాబు మీద అడ్డం గీత పెట్టి సంతకం చేసిన.

సారు తిరిగొచ్చి కాయితం చూసిండు. "ఏమయ్యా, సరిగ్గానే రాశావుగా, ఎందుకు కొట్టేశావ్?"

"నాది కాదు సార్."

"మరెవరిది?"

అన్న తల వంచుకున్నడు. నేను ఆయన పేరు చెప్పలే. సారు నా మొఖం చూసి పోనిచ్చిండు.

బయటికొచ్చినంక అన్న గరమైండు. "ఏందిరా తమ్మీ, నేను చూపిస్తే నీ చేతులు మైలబడ్డయా?"

"కాదన్నా, ఆ పేజీ నాకు రాదు."

"నేను లేనా పక్కన?"

"నువ్వు వేరే షిఫ్టుల ఉన్ననాడు?"

అన్న బీడీ ముట్టిచ్చిండు.

ఆయన పాసైండు. ఆ ఒక్క జవాబు లేక నేను తప్పిన, ఇంకో ఏడాది పార పట్టిన. ఆ ఏడాదంత డ్యూటీ దిగినంక అన్ననే నన్ను కూసోబెట్టి చదివిచ్చిండు. పేజీ నంబరు మాత్రం ఎన్నడు చెప్పలే. "దేవులాడు, నువ్వే ఎతుకు" అనేటోడు. మల్ల ఏడాది పరీక్షల నేనే దేవులాడి రాసిన, పాసైన.

సారు అడిగిననాడు అన్న పేరు దాచుడు తప్పా కాదా అన్నది నాకు ఇప్పటికి తేలలే. అది మీరే చెప్పాలె. నా రాతల తప్పులకు మాత్రం మాఫ్ చేయుండ్రి.