బెల్లంతో తగ్గని దగ్గు

ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో సేటుకు ఏదో వివరిస్తుండగానే నా గొంతు ఆగిపోయింది. నోరు ఆడుతోంది, మాట రావడం లేదు. కిటికీలోంచి పడుతున్న ఎండలో దూది పింజలు మెల్లగా తిరుగుతూ దిగుతున్నాయి. కలలో నిలబడ్డట్టు వాటినే చూస్తూ ఉండిపోయాను.

నేను అప్పట్లో ఒక బొంబాయి కంపెనీలో మేనేజ్‌మెంట్ కన్సల్టెంటుని. కరీంనగర్‌లో మా అవ్వకు ఆ మాట నోరు తిరిగేది కాదు. "గదేం నౌకరి బిడ్డా?" అని అడిగేది. "మిల్లులోళ్లకు సలహాలు చెప్తనే" అంటే, "సలహాకు సుత జీతమిస్తరా!" అని పడీపడీ నవ్వేది. ఇస్తారు, కానీ ఊరికే ఇవ్వరు. ఊరు కాని ఊళ్లో, గెస్టుహౌసు గదిలో నెలల తరబడి పడి ఉండాలి. మనం షెడ్డులోకి అడుగు పెడితే చాలు, ఎవరి కూడు పోతుందోనని కూలీలు మూతి ముడుచుకుంటారు. సేట్ల ముందు మాత్రం తడబడకూడదు. మా పనిముట్టు ఒక్కటే, నోరు.

దగ్గు అప్పటికే కొన్ని వారాలుగా ఉంది. ఆ మిల్లులో దగ్గనివాడెవడు? పని దిగేటప్పుడు అందరికీ బెల్లం ముక్క పంచుతారు, గొంతులో దుమ్ము పోతుందని. మేస్త్రి లసుమయ్య నాకూ ఒకటి చేతిలో పెట్టేవాడు. "నోట్లేసుకోండ్రి సారూ. పత్తి దగ్గు, గీ బెల్లానికే దిగుతది."

రోజూ తిన్నాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడితే ఎండదెబ్బ అనుకున్నాను, చిక్కిపోతే హోటలు తిండి అనుకున్నాను. ప్రతిదానికీ కారణం చెప్పడం అలవాటైన వృత్తి కదా, నాకు నేనే చెప్పుకున్నాను.

గొంతు పోయాక ఇంటికి వస్తే, నా భార్య శాంత నన్ను చూసి నిలువునా నీరైపోయింది. మర్నాడే కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. డాక్టరు చిన్న అద్దం గొంతులో పెట్టి చూశాడు.

"లంగ్స్‌లో టి.బి. ఉంది. లారింక్స్‌కు, అంటే స్వరపేటికకు కూడా పాకింది. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఐ.ఎన్.హెచ్., పాస్ మందులు వాడాలి. వాటితోపాటు కంప్లీట్ వాయిస్ రెస్ట్. గుసగుసలు కూడా వద్దు."

ఎన్నాళ్లని అడగబోయాను. "ఊఁహూఁ, అది కూడా అడగొద్దు" అని వేలు చూపించాడు.

"గొంతు మల్ల వస్తదా సార్?" అని శాంతే అడిగింది.

"రావాలనే కదమ్మా ఈ ట్రీట్‌మెంట్."

ఆ మాట పట్టుకునే మంచమెక్కాను. పాస్ మందు కడుపులో దేవేసేది. మధ్యాహ్నం జ్వరంలో మిల్లు పైకప్పు లేచిపోయేది, దూదంతా ఆకాశంలోకి పోయేది, కింద నేను నా పాత గొంతుతో గలగలా మాట్లాడుతూ ఉండేవాణ్ని. మెలకువ వస్తే గదంతా నిశ్శబ్దం. శాంత మంచం పక్కన కూర్చుని ఊళ్లో సంగతులన్నీ చెప్పేది, నేను మంచంపట్టె మీద వేలితో కొట్టి ఊఁ కొట్టేవాణ్ని. "పెండ్లయినసంది ఇప్పుడే నా మాట పూరా ఇంటున్నరు" అని ఎగతాళి చేసేది. ఆ రోజుల్లో నాకు అదే హాయి.

కొంచెం కోలుకుంటున్నాననగా బొంబాయి నుంచి మా మేనేజరు చూడవచ్చాడు. తొందరేం లేదన్నాడు, మాటల్లో ఆదిలాబాదుకు వేరే అతన్ని పంపామని కూడా అన్నాడు. ఈ వృత్తిలో ఎవరి కోసమూ ఎవరూ ఆగరు. నా ప్రాణం ఉసూరుమంది. నేనింకా పనికొస్తానని చూపించాలని నోరు తెరిచాను. ఆయన లేచేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన అటు వెళ్లగానే దగ్గు తెర వచ్చి తువ్వాలు ఎర్రబడింది.

"గా నౌకరి గంగల గలువ! నాకు మనిషి గావాలె!" శాంత ఏడుస్తూనే తిట్టింది. డాక్టరు తిట్టలేదు. అద్దంలో చూసి, "మళ్లీ మొదటికొచ్చాం" అన్నాడు, అంతే. కొన్నాళ్లకు కంపెనీ మర్యాదగానే నన్ను వదిలించుకుంది.

చాలా కాలానికి ఒక ఉదయం డాక్టరు "ఇప్పుడు మెల్లగా ఒక మాట అనండి" అన్నాడు. "శాంతా" అన్నాను. ఎండుటాకుల్లా గరగరలాడింది. "గిది ఎవలి గొంతయ్యా!" అని తను నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ గొంతే మిగిలింది. ఇప్పుడు చిన్న చిన్న మిల్లులకు నేనే సొంతంగా సలహాలు చెబుతున్నాను. నా మాట మిషన్ల మోతలో వినపడదు కాబట్టి, నేను మాట్లాడాలంటే మిషన్లు ఆపాల్సిందే. మొన్న పత్తి సీజన్లో పాత ఆదిలాబాద్ మిల్లుకే వెళ్లాను. సేటు మిషన్లు ఆపించాడు. దూది మెల్లగా దిగుతోంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు.

లసుమయ్య. సగమైపోయాడు.

"ఎన్నాళ్లసంది?" అన్నాను.

"ఏమో సారూ, పత్తి దగ్గే. బెల్లం తింటున్న."

"నేను సుత తిన్న లసుమయ్యా."

నవ్వబోయినవాడు నా గొంతు విని ఆగిపోయాడు. సేటుకు చెప్పాల్సింది పక్కన పెట్టి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇప్పుడు ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడు. మేం వేళకే వచ్చామన్నాడు అక్కడి డాక్టరు.

మీక్కూడా అదే చెబుతున్నాను. వారాలు గడిచినా దగ్గు తగ్గకపోతే బెల్లం పక్కన పెట్టి, ముందు కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోండి.