ఓదేలు కూల్చిన మోరీ

ఓదేలు ఊరు పాలకుర్తి దాటాక వాగు అవతల ఉండేది. వానాకాలంలో జనగామకు పోవాలన్నా, దవాఖానకు పోవాలన్నా ఆ వాగు మీద మోరీ అని పిలిచే చిన్న రాతి వంతెన ఒక్కటే దారి. దొర వెట్టి చేయించి కట్టించాడు దాన్ని. ఓదేలు తండ్రి రాళ్లు చెక్కితే ఓదేలు మోశాడు. కట్టించిన దొర మళ్లీ దాని మొహం చూడలేదు. ఏటా వానలకు ముందు మోరీ కింద పూడిన ఇసుక తోడి, అడ్డం పడ్డ కంప లాగి, సందుల్లో సున్నం కూరేది ఓదేలే. చెప్పేవాళ్లు లేకపోయినా చేసేవాడు. తండ్రి చెయ్యి పడ్డ రాళ్లాయె.

నలభై ఎనిమిది ఎండాకాలంలో రజాకార్లు లారీ వేసుకొని ఆ మోరీ మీదుగానే వచ్చారు. దొరలకు, నైజాముకు ఎదురు తిరిగిన సంఘపు ఊరని వాడకట్టు మొత్తం తగలబెట్టారు. ఓదేలు గుడిసె కాలిపోయింది. లోపల కట్టేసిన మేకలను విప్పబోయి అతని భార్య బుచ్చవ్వ రెండు చేతులూ కాల్చుకుంది. మేకలు దక్కలేదు.

ఊళ్లో సంఘం పనులు చూసే భద్రమ్మ మర్నాడు ఓదేలును పిలిచింది.

"లారీ మళ్ల రావద్దు ఓదేలూ. మోరీకి అవతల రోడ్డుకు అడ్డంగ కందకం తవ్వు. మన బండ్లకు మొద్దులేసుకొని దాటుతం. మోరీని మాత్రం ముట్టుకోకు. వానలు పడితే మనకు గదే దిక్కు."

"సరే అక్కా" అన్నాడు ఓదేలు.

అయితే మోరీ దగ్గరికి పోయేసరికి అతని కళ్ల ముందు బుచ్చవ్వ చేతులే మెదిలాయి. దీని మీది నుంచే కదా వచ్చారు అనుకున్నాడు. కందకం తవ్వడానికి తెచ్చిన గడ్డపారను మోరీ నడినెత్తిన దించాడు. ఏ రాయి కదిలిస్తే మిగతావి కూలుతాయో తెలిసిన చెయ్యి అది. పొద్దు వాలేలోపు మోరీ వాగులో కుప్పగా పడింది. అప్పుడతనికి కడుపు చల్లబడినట్టే అనిపించింది. ఊళ్లోకొచ్చి, "కందకం తవ్వుతుంటే దానంతట అదే కూలింది అక్కా" అని చెప్పాడు. భద్రమ్మ అతని మొహంకేసి చూసి, బుచ్చవ్వ చేతులు ఎట్లున్నాయని అడిగింది.

వానలు దిగాయి. వాటి వెంటే గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో మనుషులు నిలువునా వాడిపోయారు. ఓదేలు పక్కింటి దానియేలు భార్య మార్తమ్మ తెల్లవారుజామున మంచం పట్టింది. దానియేలు బండి కట్టాడు. ఎడ్లు బెదురుతాయని ఓదేలు కూడా వెంట పోయాడు.

వాగు ఒడ్డు తెగేటట్టు పారుతోంది. కూలిన రాళ్ల మీద నీళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. ఓదేలు మొలలోతు దిగి చూశాడు, కాలు నిలవలేదు.

"జర ఆగితే తగ్గుతదేమో" అన్నాడు దానియేలు.

ఆగారు. మార్తమ్మ బండిలో గడ్డి మీద పడుకొని "నీళ్లు, నీళ్లు" అని అడుగుతూనే ఉంది. దానియేలు ముంతతో తాగిస్తున్నాడు, అవి నిలవడం లేదు. ఓదేలు ఎడ్ల ముకుతాళ్లు పట్టుకొని ఆమె వైపు తిరగకుండా నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఆ అడగడం ఆగిపోయింది. వాగు మాత్రం తగ్గలేదు.

"ఏం చేస్తం ఓదేలన్నా, మోరీ కూలె, మా రాత గిట్లున్నది" అంటూ దానియేలు అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ బరువు కింద ఓదేలుకు భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

నైజాం పోయాక, వాగు ఎండగానే ఓదేలు ఒక్కడే రాళ్లు పైకి లాగడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకు దానియేలు కూడా పలుగు తీసుకొని వచ్చాడు. "ఇంకెవ్వలికీ మా తిప్పలు రావద్దు" అన్నాడు. పక్కన అతను చెమటోడుస్తుంటే ఓదేలుకు ముద్ద దిగలేదు. ఒకనాడు రాయి ఎత్తబోతూ ఆగిపోయి చెప్పేశాడు.

"దానియేలూ, మోరీ దానంతట అది కూలలే. నేనే కూలగొట్టిన. భద్రక్క వద్దన్నా వినలే."

దానియేలు చేతిలోని రాయి మెల్లగా కింద పెట్టాడు. ఓదేలు దెబ్బ పడుతుందనుకున్నాడు, పడాలనే కోరుకున్నాడు. దానియేలు మాత్రం పలుగు భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. చాలా రోజులు రాలేదు. తర్వాత ఒక పొద్దున వచ్చి, ఓదేలుకు దూరంగా రెండో పక్క పని అందుకున్నాడు. మోరీ పూర్తయ్యేదాకా ఇద్దరి మధ్యా రాళ్లు తప్ప మాటలు నడవలేదు.

మోరీ లేచిన నెలకే దాని మీదుగా మిలట్రీ లారీలు వచ్చాయి. నైజాంను దించిన ఆ సిపాయిలే ఇప్పుడు సంఘపోళ్లను వెతికి, భద్రమ్మను రెక్కలు విరిచికట్టి తీసుకుపోయారు. లారీ మోరీ దాటుతుంటే ఓదేలు చేలో నిలబడి చూశాడు. పడగొట్టి ఒక ప్రాణం తీశాను, నిలబెట్టి ఇంకొకరిని పట్టిచ్చాను అని ఇంటికొచ్చి బుచ్చవ్వ ముందు నెత్తి కొట్టుకున్నాడు.

భద్రమ్మ జైలు నుంచి వచ్చేసరికి సగం మనిషైంది. ఓదేలు పోయి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, నేను నీకు అబద్ధం చెప్పిన. కూలగొట్టింది నేనే."

"నాకు ఎరుకేరా. రాళ్ల మీద గడ్డపార గాట్లు చూడలేదనుకున్నవా?"

"మరి ఎందుకడగలే?"

"నీ పెండ్లాం చేతులు చూసి ఊకున్న. అప్పుడే నలుగురిని పిలిచి వాగు మీద తాటి మొద్దులన్న ఏయించాల్సింది. నేను సుత ఏయించలే." ఆమె దగ్గి ఊపిరి తీసుకుంది. "లారీలంటవా, అవి ఎట్లయిన వస్తుండె. గది నీ నెత్తికి సుట్టుకోకు. మార్త సావు పాపం మాత్రం మనిద్దరిది."

ఆ మాటతో బరువు తగ్గలేదు. ఒక్కడే మోయాల్సిన పని మాత్రం తప్పింది.

ఓదేలు ముసలివాడయ్యేదాకా మోరీని కనిపెట్టుకొని ఉన్నాడు. ఆ పనికి సర్కారు అతన్ని పెట్టలేదు, ఊరూ అడగలేదు. దారినపోయేవాళ్లు "పుణ్యం చేస్తున్నవు పెద్దయ్యా" అంటే తలెత్తకుండా ఇసుక తోడేవాడు.