సార్డీనియాకు వేలిమందం దూరంలో

ముందు బుస్సుమని ఒక చప్పుడు. ఆ వెంటనే, దాహంతో ఉన్న ఏదో పెద్ద జంతువు ఒక్క గుక్కలో నీళ్ళు మింగినట్టు గుటుక్కుమని ఇంకొకటి. తర్వాత నిశ్శబ్దం. చూపులేని పిల్లల బడిలో, పొడుగాటి నడవాలో ఆ చప్పుడు వినపడితే చాలు, పిల్లలు నడక ఆపి చెవులు రిక్కిస్తారు. చివరి గదిలో ఇంకో దేశం తయారైందన్నమాట.

కాసేపటికి ఆ గదిలోంచి ఒకావిడ బయటికొస్తుంది. చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న ప్లాస్టిక్ పటం, వేళ్ళ కొసల మీద ఎండి పొలుసులు కట్టిన బంక, చెవి వెనక పెన్సిలు. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ బడిలో లేరు. అందరికీ పటాలమ్మే.

ముప్ఫై ఏళ్ళ కిందట యూనిఫారాలు కుట్టడానికి వచ్చిందక్కడికి. చేతులు చాపి కొలతలిస్తున్న ఒక చిన్నపిల్ల ఉన్నట్టుండి, "మరి మా బడి కొలతెంత?" అని అడిగింది. మాటల్లో చెప్పడం ఆమెకు చేతకాలేదు. పాత దుప్పటి ముక్క మీద దారంతో గోడలు, గుండీలతో తలుపులు కుట్టి మర్నాడు ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. అది చూసిన పెద్ద టీచరు కుట్టుమిషను వేరేవాళ్ళకు అప్పజెప్పి, ఆమెకు ఆ చివరి గది ఇచ్చేసింది.

అప్పటినుంచి ఆమె చేతిలో దారం తీరమవుతోంది, ఉప్పుకాగితం ఎడారి అవుతోంది, ఆవగింజలు నగరాలవుతున్నాయి. దీవులకు అట్టముక్కలు కత్తిరిస్తుంది. అన్నీ ఒక పెద్ద అట్ట మీద అతికిస్తే అదే అచ్చు. దానిమీద ప్లాస్టిక్ కాగితం పరిచి వేడిచేసి, కింద గాలి లాగేస్తే మిషను గుటుక్కుమంటుంది, కొండలూ నదులూ నకలుగా పైకి లేస్తాయి. సముద్రాన్ని మాత్రం చెయ్యక్కర్లేదు. వదిలెయ్యాలి. ఆమె ఏమీ అతికించని చోటల్లా సముద్రమే.

వేలికి తగిలిందల్లా నిజమని నమ్ముతారు ఆ పిల్లలు. అందుకని తగలకూడనిది ఒక్కటి కూడా తగలనివ్వదు. గదిలో ఎవరైనా తుమ్మితే పనాపి పటం మీద బ్రష్షు తిప్పుతుంది.

ఆమె మొదటి తప్పు పట్టినవాడు ఆమె భర్తే. అప్పటికి భర్త కాదు. అదే బడిలో చదువుకుని, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన కుర్రవాడు. దుప్పటి పటాన్ని రెండుసార్లు తడిమి, "వంటగది తలుపు అటు కాదండీ, ఇటు. పదేళ్ళు ఆకలితో పరిగెత్తినవాణ్ణి, నాకు తెలుసు" అన్నాడు. రెండేళ్ళ తర్వాత పెళ్ళి. ఇంట్లో ప్రతి కొత్త పటమూ ముందు ఆయన వేళ్ళ కిందినుంచే వెళ్ళేది.

ఆపరేటరు ఎన్ని వేలమందిని ఎక్కడెక్కడికో కలిపినా, ఆయన ఎక్కడికి వెళ్ళాలో ఎవరో ఒకరు చెప్పేవారు. చొక్కా రంగు అక్క ఎంచేది. "వాడికి నీలమే నప్పుతుంది" అనేది, నీలమంటే ఏమిటో ఆయనకెవరూ చెప్పకుండానే. బస్సులో సీటు కండక్టరు చూపించేవాడు. చెప్పులజత కొట్టువాడు ఎంచేవాడు. కంచంలో ముందు ఏది తినాలో పటాలమ్మ చెప్పేది. అలా చెబుతున్నానని ఆమెకు చాలా ఏళ్ళు తెలియనే లేదు.

ఆయన రిటైరయ్యాక, జన్మకొక్కసారి దూరప్రయాణం చేద్దామనుకున్నప్పుడు ఆమె ఒక మాట ఇచ్చింది.

"ఎక్కడికన్నది మీరే చెప్పండి. నేను నోరెత్తను."

"అక్కో?"

"వదిన నోరు నేను మూయిస్తాను."

ఆ రోజుల్లోనే మధ్యధరా సముద్రం పటం తయారవుతోంది. తీరాలు మాత్రమే అతికించిన అచ్చును ఇంటికి తెస్తే, ఆయన అంచు వెంబడి ఒక చుట్టు తిరిగొచ్చి గట్టిగా నవ్వాడు.

"ఇదేం సముద్రమోయ్! లోగిలిలా ఉంది. చుట్టూరా ఇళ్ళు, మధ్యలో ఖాళీ జాగా, ఆ మూల ఒక్క సందు. చెప్పు, ఏ ఇంటి గడప తొక్కుదాం?"

"నన్నడక్కండి."

నకలు చేతికొచ్చాక రెండు వారాలు రోజూ సాయంత్రం దానిముందు కూచున్నాడు. గ్రీసు దగ్గర దీవులు తెగిన దండలో పూసల్లా ఉన్నాయి, ఒకదానిమీద కాలేస్తే పక్కదాని మీద పడతామన్నాడు. ఇటలీని తడిమి, అక్క కొన్న బూటు గుర్తొచ్చి మడమ నొప్పిగా ఉందన్నాడు. ఈజిప్టు దగ్గర ఎడారి గరుకుకు వేళ్ళు ఊదుకున్నాడు. ఆమె పక్కన కూచుని బట్టలు మడతపెడుతూ, పెదవి కొరుక్కుని మాట నిలబెట్టుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన వేలు ఆగిపోయింది.

"ఇదీ. సార్డీనియాకు ఇవతల వేలిమందం దూరంలో ఉన్న చిన్న దీవి. దీనికి పేరు రాయడం మర్చిపోయావు నువ్వు."

ఆమె వంగి చూసింది. పక్కనున్న దీవులన్నింటికీ కత్తెర అంచులున్నాయి. దీనికి లేదు. కంటిరెప్ప మీద చుక్కలా గుండ్రంగా, నున్నగా ఉంది. పేర్లు అతికిస్తున్న ఆఖరి రోజున బడి గంట మోగితే తల తిప్పింది, చేతిలో బంకడబ్బా మూతి వంగింది. అంతే జరిగింది. అచ్చు మీద పడిన బొట్టు నకళ్ళన్నింటిలోనూ మొలిచింది.

"రోమ్ గురించి పదిమంది చెప్పారు నాకు" అంటున్నాడాయన. "వెనిస్ సంగతి రేడియో చెప్పింది. అక్కడికి వెళితే వాళ్ళు చెప్పినవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని రావడమే నా పని. దీని గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. మొట్టమొదట నా వేలికే తెలిసింది."

ఆయన ముఖంలో ఆ వెలుగు ఆమె ముందెప్పుడూ చూడలేదు. "ఊఁ" అంది.

సోమవారం బడికెళ్ళి బ్లేడుతో అచ్చు మీది బొట్టు గీకేసింది. చిటికెలో పని. దీవి పొడిపొడిగా రాలి ఒళ్ళో పడింది. తరగతిలో ఉన్న ఇరవై నకళ్ళు వెనక్కి తీసుకుంది. ఇంకో ఇరవై అప్పటికే తపాలాలో వేరే బళ్ళకు వెళ్ళిపోయాయి.

సాయంత్రం మేడ మీది వాటాలో ఉండే వదినగారికి చెప్పుకుని ఏడ్చింది.

"ఓసి పిచ్చిదానా, దీనికా ఇంత రాద్ధాంతం! ఏదో ఒక దీవికి తీసుకెళ్ళి ఇదే అదని చెప్పు. వాడికేం తెలుస్తుంది?"

"తెలీదు వదినా."

"మరింకేం? వాడూ సంతోషపడతాడు, నీ తప్పూ మరుగున పడిపోతుంది."

ఆ సలహా మంగళవారమంతా ఆమె వెంట తిరిగింది. ఆ చుట్టుపక్కల నిజం దీవి ఒకటి వెతికి పెట్టుకుంది కూడా. అక్కడి ఇసుకలో నిలబడి ఆయన "ఇదేనా?" అంటాడు. తను "ఇదే" అనాలి. ఆయన అనుమానించడు. అదే ఆమెకు ఊపిరాడనివ్వలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆయనెదురుగా వచ్చి కూచుంది.

"అది బంకబొట్టండీ."

"ఏది?"

"మీ దీవి."

ఆయన పటం తెప్పించుకుని ఆ చోట వేలు పెట్టి నొక్కి చూశాడు. తలుపు తట్టినట్టు గోటితో రెండుసార్లు తట్టాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆదివారమే. మీ వేలు దానిమీద ఉండగానే."

"అక్కకు చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

ఏమందో ఆమె చెప్పకుండానే ఆయనకు వినపడింది.

"నువ్వు కూడానా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపమైతే బావుండేదనిపించింది ఆమెకు. ఆ పూట ఇద్దరూ భోజనానికి కూచున్నారు. కంచంలో ముందు ఏది తినాలో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

పొద్దున కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుకుంటూ అడిగాడు.

"అయితే అక్కడ నీళ్ళేనన్నమాట."

"నీళ్ళే."

"ఎలాంటి నీళ్ళు?"

"ఏమోనండీ. సముద్రాన్ని నేనెప్పుడూ చెయ్యలేదు కదా. వదిలేస్తాను."

"అంటే నీకూ తెలీదు."

"తెలీదు."

"ఎవరికన్నా తెలుసా?"

"ఆ చోటు గురించి ఎవరు చెబుతారు? ఏముందని చెబుతారు?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మరి నేనెందుకు చోటు మార్చుకోవాలి?"

టికెట్ల ఆఫీసులో గుమాస్తా కోటల బొమ్మలు, హోటళ్ళ బొమ్మలు బల్ల నిండా పరిచాడు. "ఎక్కడ దిగుతారు సార్?"

"మాకు సముద్రం మధ్యలో పనుంది" అన్నాడు ఆపరేటరు. "నేపుల్స్ నుంచి సార్డీనియాకు పెద్ద పడవ ఉందట. అది చాలు."

"అక్కడ చూడ్డానికేం లేదు సార్."

"మంచిది. నాకూ అదే కావాలి."

మేడ మీది అక్క తల పట్టుకుంది. పెట్టెలో నీలం చొక్కా పెట్టబోతే, "ఈసారి గరుకుగా ఉండేదేదైనా పెట్టు" అని తమ్ముడు తీయించేశాడు.

తెలతెలవారుతుండగా పటాలమ్మ పడవ పైఅంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడింది. కమ్మీ మంచుకు తడిసి ఉంది. కాళ్ళ కింద ఇంజను సన్నగా వణుకుతోంది. చేతిలో పటం, స్కేలు, గడియారం. లెక్క మూడుసార్లు వేసి, పడవలో పనిచేసే ఒకాయనకు సైగలతో చూపించి తలూపించుకుని, భర్త మోచెయ్యి తాకింది.

"ఇక్కడేనండీ. కాస్త అటూ ఇటూ."

అలవాటుకొద్దీ వర్ణించబోయింది. "నీళ్ళేమో..."

"ఉండు. నేను చెబుతాను."

ఆమె కళ్ళు మూసుకుంది.

"కుడిచెంప మీద ఎండ ఇప్పుడిప్పుడే వాలుతోంది" అన్నాడు. "ఎడమచెంప ఇంకా రాత్రిలోనే ఉంది. ఇంజను చప్పుడు వింటున్నావా? పోతోంది, పోతూనే ఉంది. తిరిగి రావడం లేదు. ఎక్కడా గోడ తగలడం లేదు దానికి. ఇంత పెద్ద గదిలో నేనెప్పుడూ నిలబడలేదోయ్."

ఆయన గొంతు కూడా అలాగే వెళ్ళిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా తను వదిలేస్తూ వచ్చినదంతా పాదాల కింద మెల్లగా ఊగుతుంటే, ఆమె ఒక చేత్తో కమ్మీని, ఒక చేత్తో ఆయన గరుకు చొక్కాను పట్టుకుని, సూర్యుడు పూర్తిగా లేచేదాకా కళ్ళు తెరవలేదు.

ఇదంతా అడిగి రాసుకుని నేను లేచాక, గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చింది పటాలమ్మ. తపాలాలో వెళ్ళిన ఆ ఇరవై నకళ్ళ సంగతి ఆమె మనసును ఇంకా తొలుస్తోంది. బంక అంటిన వేలు ఎత్తి గట్టిగా చెప్పింది:

"ఆ పటాలు ఎవరి దగ్గరున్నా సరే, ఈ మాట తప్పకుండా రాయండి. సార్డీనియా పక్కన చేతికి తగిలేది దీవి కాదు, నా తప్పు. అక్కడ ఏమీ లేదు. చాలా బావుంటుంది, వీలైతే వెళ్ళి రమ్మనండి."